బ్యాంకు కట్టిన ఇన్సూరెన్స్ ఎవరి కోసం?

ప్రశ్న: సార్, మాది తెనాలి. ఆరేళ్లుగా స్వగృహ పిండివంటల వ్యాపారం చేస్తున్నాను. మెయిన్ రోడ్డులో అద్దె కొట్టు ఉంది. వంటంతా ఇంటి వెనక రేకుల షెడ్డులోనే. తొమ్మిది మంది పనివాళ్లు. కొట్లో సరుకు పట్టక పోయిన ఏడాది కాలవ పక్కన ఒక గోడౌన్ అద్దెకు తీసుకున్నాం. హైదరాబాద్ షాపులకు సరుకు పంపుతాం, అమెరికాకు పార్సిళ్లు కూడా కడతాం. బ్యాంకులో 10 లక్షల సీసీ (క్యాష్ క్రెడిట్) లోన్ ఉంది. పాస్‌బుక్కులో ఏటా మూడు కోతలు కనిపిస్తున్నాయి: ఒకటి ఇన్సూరెన్స్, ఒకటి గ్యారంటీ ఫీజు, ఒకటి లైఫ్. మేనేజరు గారిని అడిగితే ‘మీకు అన్ని ఇన్సూరెన్సులూ ఉన్నాయమ్మా’ అంటున్నారు. ఏజెంటుగా చేస్తున్న మా బావగారు మాత్రం షాప్‌కీపర్స్ ప్యాకేజీ తీసుకోమని పట్టుబడుతున్నారు. విజయవాడ సింగ్‌నగర్‌లో మా అక్కావాళ్ల కిరాణా కొట్టు 2024 వరదలో మునిగి 8 లక్షల సరుకు పోయింది. పాలసీ ఉన్నా కంపెనీ ఇచ్చింది 4 లక్షలే. అప్పటి నుంచి నాకు ఇన్సూరెన్స్ అంటే నమ్మకం పోయింది. నిజంగా నాకు ఏవి కావాలి, ఏవి అక్కర్లేదు? పేరు వేయవద్దు.

జవాబు: అమ్మా, ముందు ఆ పాస్‌బుక్కు కోతల సంగతి తేల్చుకుందాం. మూడింటినీ కలిపి ‘ఇన్సూరెన్స్’ అనుకుంటున్నారు కానీ, అందులో మీ సరుకును కాపాడేది ఒక్కటే. అది కూడా సగమో పావో.

గ్యారంటీ ఫీజు అసలు ఇన్సూరెన్సే కాదు. ఇల్లు, పొలం లాంటివి తాకట్టు లేకుండా ఇచ్చే ముద్రా లోన్లకు, చిన్న పరిశ్రమల లోన్లకు ప్రభుత్వం తరఫున క్రెడిట్ గ్యారంటీ ఫండ్లు ఉన్నాయి. మీరు లోన్ కట్టలేకపోతే బ్యాంకుకు వచ్చే నష్టంలో కొంత ఆ ఫండు భరిస్తుంది. అంతమాత్రాన మీ బాకీ మాఫీ అయిపోదు. బ్యాంకు మీ దగ్గర వసూలు చేసుకునే హక్కు అలాగే ఉంటుంది. ఫీజు మాత్రం మీ ఖాతాలోంచే పోతుంది. ఇది మోసం కాదు, ఆ పథకం తీరే అది. తాకట్టు లేకుండా లోన్ దొరికినందుకు కట్టే ఖర్చనుకోండి. ‘ఏటా ఇన్సూరెన్స్ కడుతున్నాం కదా’ అనే లెక్కలోంచి మాత్రం దాన్ని తీసేయండి.

లైఫ్ అని ఉన్నదాని కాగితం తెప్పించుకుని చూడండి. అది రెండు రకాల్లో ఏదో ఒకటి అయి ఉంటుంది. మీకు ఏదైనా జరిగితే లోన్ బాకీని తీర్చేసే పాలసీ ఒక రకం. దాన్ని సాధారణంగా లోన్ ఇచ్చేటప్పుడే ఒకేసారి కట్టించుకుంటారు. మీకు ఏటా కోత పడుతోంది అంటున్నారు కాబట్టి రెండో రకం అయ్యే అవకాశమే ఎక్కువ. అంటే లోన్ శాంక్షన్ అయ్యేటప్పుడు సంతకాల మధ్యలో పెట్టేసిన పొదుపు పాలసీ. లోన్ కావాలంటే ఫలానా కంపెనీ పాలసీయే తీసుకోవాలని బ్యాంకు బలవంతం చేయకూడదు. ఆ మాట మేనేజరు గారికీ తెలుసు. కొత్తగా తీసుకున్న లైఫ్ పాలసీ నచ్చకపోతే కాగితం అందిన 30 రోజుల్లో వెనక్కి ఇచ్చేయవచ్చు. మీ గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది కనుక, ఇప్పుడు మానేస్తే ఎంత వస్తుంది, కొనసాగిస్తే ఎంత వస్తుంది అన్నది రాతపూర్వకంగా అడగండి. మీరు లేకపోతే ఇల్లు గడవాలి అన్నది మీ ఆలోచనైతే దానికి మామూలు టర్మ్ పాలసీ, అంటే మనిషి పోతేనే డబ్బు వచ్చేది, చాలు. వ్యక్తిగత లైఫ్, హెల్త్ పాలసీల ప్రీమియం మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ కూడా లేదు. ఇక్కడితో ఈ విషయం వదిలేస్తాను, ఎందుకంటే మీ అసలు సమస్య మూడో కోతలో ఉంది.

ఆ మూడోది, పాస్‌బుక్కులో ‘ఇన్సూరెన్స్’ అని ఉన్నది, అగ్నిప్రమాద పాలసీ. 2021 ఏప్రిల్ 1 నుంచి ఇన్సూరెన్స్ కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ చిన్న వ్యాపారాలకు దీన్ని ఒకే నమూనాలో పెట్టింది. ఒక చోట ఉన్న ఆస్తి, సరుకు అంతా కలిపి విలువ 5 కోట్ల లోపయితే ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’, 5 నుంచి 50 కోట్ల వరకు ‘భారత్ లఘు ఉద్యమ్ సురక్ష’. మీది మొదటిది. పేరుకు ఫైర్ పాలసీ అంటారు కానీ నిప్పుతో పాటు పిడుగు, పేలుడు, తుపాను, వరద, భూకంపం, అల్లర్లు, నీళ్ల ట్యాంకు పగిలి జరిగే నష్టం, ఇవన్నీ అందులో ఉంటాయి. ప్రమాదం జరిగిన గందరగోళంలో ఎవరైనా సరుకు ఎత్తుకుపోయినా, అది ఏడు రోజుల లోపు జరిగితే కవర్ అవుతుంది. కాబట్టి ‘వరదకు ఇన్సూరెన్స్ రాదు’ అనే మాట ఎవరైనా అంటే నమ్మకండి.

మరి మీ అక్కగారికి సగమే ఎందుకు వచ్చింది? 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ వీధుల్లో రోజుల తరబడి నీళ్లు నిలబడ్డాయి. అక్కడ కింది అంతస్తు కొట్లలో సరుకు మిగలడం కష్టం. అందువల్ల వరద వచ్చిందా లేదా అన్న పేచీ ఉండి ఉండదు. మీరు రాసిన అంకెలు చూస్తుంటే నాకు తోచే కారణం ఒకటే. వాళ్ల లోన్ బహుశా 6 లక్షలు. బ్యాంకు తన లోన్ ఎంతో అంతకే, అంటే 6 లక్షలకే, సరుకు మీద పాలసీ కట్టి ఉంటుంది. వరద రోజున కొట్లో ఉన్న సరుకు 12 లక్షలది అనుకోండి. ఉండాల్సిన దాంట్లో సగానికే ఇన్సూరెన్స్ ఉంది కనుక ఎంత నష్టం జరిగినా కంపెనీ సగమే ఇస్తుంది. 8 లక్షలు పోతే 4 లక్షలు. ‘మేం 6 లక్షలకు కట్టాం కదా, 6 లక్షలన్నా ఇవ్వాలి కదా’ అని చాలామంది గొడవ పెట్టుకుంటారు. కానీ పాలసీలో యావరేజ్ అని ఒక షరతు ఉంటుంది, లెక్క దాని ప్రకారమే సాగుతుంది. ఈ సూక్ష్మ పాలసీలో కొంత వెసులుబాటు ఇచ్చారు. కట్టిన మొత్తానికీ అసలు విలువకూ తేడా 15 శాతం లోపు ఉంటే కోత పెట్టరు. తేడా సగానికి సగం ఉంటే ఆ వెసులుబాటు అక్కరకు రాదు.

ఇప్పుడు మీ పాలసీ తీసి మొదటి కాగితం చూడండి. దాన్ని షెడ్యూల్ అంటారు. వెనకాల ముప్పై నలభై పేజీల చిన్న అక్షరాలు ఉన్నా, నా అనుభవంలో తెనాలి లాంటి ఊళ్లలో క్లెయిములు నిలిచేదీ పడిపోయేదీ ఈ ఒక్క కాగితం మీదే. అందులో పాలసీ ఎవరి పేరున ఉందో చూడండి. మీ పేరుతో పాటు బ్యాంకు పేరు ఉంటుంది. క్లెయిమ్ డబ్బు ముందు లోన్ ఖాతాకు పోతుందని దాని అర్థం. తర్వాత అడ్రసు చూడండి. మెయిన్ రోడ్డు కొట్టు అడ్రసు ఒక్కటే ఉందని పందెం కాయగలను. అంటే కాలవ పక్కన గోడౌన్లో మీరు పెట్టిన సరుకుకు ఈ రోజున ఏ ఇన్సూరెన్సూ లేదు. ఇంటి వెనక షెడ్డుకూ లేదు. నూనె కాగేది షెడ్డులో, నీళ్లు వచ్చే భయం గోడౌన్లో, పాలసీ ఏమో అన్నిటికంటే భద్రంగా ఉన్న కొట్టు మీద! మేనేజరు గారి ‘అన్నీ ఉన్నాయమ్మా’ మాటకు అసలు విలువ ఇంతే.

ఇంకా అదే కాగితంలో ‘స్టాక్స్’ అని మాత్రమే ఉందా, మిషనరీ, ఫర్నిచరు కూడా ఉన్నాయా చూడండి. బ్యాంకు తాకట్టులో ఉన్నది సరుకే అయితే సరుకు మీదే కడుతుంది. మీ జంతికల మిషను, వెట్ గ్రైండర్లు, ప్యాకింగ్ మిషను, డీప్ ఫ్రీజరు, అద్దాల బీరువాలు బ్యాంకుకు అనవసరం. కొట్టు కట్టడం ఇంటి ఓనరుది, దాని బాధ ఆయనది. షెడ్డు మాత్రం మీ సొంతం కనుక అది మీ లెక్కలో ఉండాలి.

చేయాల్సింది పెద్ద పనేం కాదు. మూడు చోట్లా విడివిడిగా ఏమేం ఉన్నాయి, ఎంత విలువ అన్నది ఒక తెల్లకాగితం మీద రాసుకోండి. మిషన్లకు ఇవాళ కొత్తవి కొనాలంటే ఎంతవుతుందో ఆ ధర వేయండి, ఆరేళ్ల కిందటి బిల్లు ధర కాదు. సరుకుకు మాత్రం మీకు పడిన ఖర్చు వేయండి, అమ్మే ధర కాదు. అరిసెలు కిలో ఎంతకు అమ్మినా, పోయినప్పుడు మీ లాభం ఈ పాలసీలో రాదు. ఇక సంక్రాంతికి, దసరాకు మీ గోడౌన్లో సరుకు రెట్టింపు అవుతుంది కదా. ఆషాఢంలో ఉండే సరుకు చూసుకుని పాలసీ కడితే పుష్యమాసంలో జరిగే ప్రమాదానికి మళ్లీ మీ అక్కగారి లెక్కే ఎదురవుతుంది. ఏడాదిలో అత్యధికంగా ఉండే విలువకు కట్టడం సులువైన దారి. లేదా పండగకు ముందు ఆ రెండు నెలలకు మొత్తం పెంచమని కంపెనీకి రాసి, తేడా ప్రీమియం కట్టి, ఎండార్స్‌మెంట్ అనే కాగితం తీసుకోవచ్చు. సరుకు కొట్టుకూ గోడౌన్‌కూ మధ్య తిరుగుతూ ఉంటుంది కాబట్టి రెండు అడ్రసులకూ కలిపి ఒకే మొత్తం వర్తించేలా ఫ్లోటర్ పెట్టమని అడగండి. ఒక్క జాగ్రత్త: ప్రీమియం కంపెనీకి చేరాకే రిస్కు మొదలవుతుంది, ఇది 1938 నాటి బీమా చట్టంలోని 64వీబీ సెక్షన్. ‘ఏజెంటుకు డబ్బిచ్చాం, రేపు కడతానన్నాడు’ అంటే కుదరదు. బావగారైనా సరే.

ఒక ఇబ్బందికరమైన మాట కూడా చెప్పాలి, ఏమీ అనుకోకండి. సీసీ లోన్‌కు మీరు నెలనెలా బ్యాంకుకు స్టాక్ స్టేట్‌మెంట్ ఇస్తారు. డ్రాయింగ్ పవర్, అంటే ఆ లోన్‌లో వాడుకోగలిగే మొత్తం, తగ్గకూడదని అందులో సరుకు కాస్త ఎక్కువ చూపించడం మన వ్యాపారుల్లో చాలామందికి అలవాటు. పన్ను లెక్కల్లో మాత్రం కాస్త తక్కువ చూపిస్తారు. మామూలు రోజుల్లో ఈ రెండు కాగితాలూ ఒకదాన్నొకటి చూసుకోవు. ప్రమాదం జరిగి, నష్టం లెక్కగట్టే సర్వేయర్ వచ్చిన రోజున రెండూ ఒకే టేబుల్ మీదికి వస్తాయి. ఆయన బ్యాంకు స్టేట్‌మెంట్, కొనుగోలు బిల్లులు, జీఎస్టీ రిటర్నులు, మీ స్టాక్ రిజిస్టరు పక్కపక్కన పెట్టుకుని లెక్క కడతాడు. ఎక్కడ పొంతన కుదరకపోతే అక్కడ తక్కువ అంకెనే నమ్ముతాడు. ఎక్కువ అంకె మీద మీరు ప్రీమియం కట్టి, తక్కువ అంకె మీద క్లెయిమ్ తీసుకోవాల్సి వస్తుంది. శనగపిండి, నెయ్యి, బెల్లం, నూనె నగదుకు కొంటూ బిల్లు లేకుండా తెచ్చుకునే సరుకు పరిస్థితీ అంతే. కాలిపోయాక అది మీ దగ్గర ఉందని చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు.

షెడ్డు గురించి ఇంకో సంగతి. అక్కడ వాడే సిలిండర్లు ఏవి? 14.2 కిలోల ఇంటి సిలిండర్ వ్యాపారానికి వాడటం నిబంధనలకు విరుద్ధం. మంటలు ఆరాక సర్వేయర్ కళ్లు ముందు పడేది వాటి మీదే. 19 కిలోల కమర్షియల్ సిలిండర్ ఖరీదే, కాదనను. కానీ నెలకు ఆదా అయ్యే ఆ డబ్బు కోసం మొత్తం క్లెయిమ్‌ను పేచీలో పెట్టుకోవడం తెలివైన పని కాదు. ఫుడ్ లైసెన్సు మీద ఉన్న అడ్రసు కూడా షెడ్డుదేనా, కొట్టుదా అన్నది సరిచూసుకోండి.

షార్ట్ సర్క్యూట్ విషయంలో చాలామందికి ఉన్న అపోహ ఒకటి ఉంది. షార్ట్ సర్క్యూట్ వల్ల మంట పుట్టి షెడ్డంతా అంటుకుంటే ఆ నష్టం ఫైర్ పాలసీలో వస్తుంది. కానీ కరెంటు హెచ్చుతగ్గులకు గ్రైండర్ మోటారు మాత్రమే కాలిపోయి, పొగ వచ్చి ఆగిపోతే రాదు. దానికి మిషనరీ బ్రేక్‌డౌన్ అని వేరే పాలసీ ఉంది. మీ మిషన్ల ఖరీదుకు అది అవసరమా అంటే, నా ఉద్దేశంలో అవసరం లేదు. మోటారు చుట్టించుకోవడానికి అయ్యే ఖర్చు మీ వ్యాపారం తట్టుకోగలదు. ప్యాకింగ్ మిషను మరీ ఖరీదైనదైతే అప్పుడు ఆలోచించండి.

ఇప్పుడు మీరు అడగని విషయం. నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. షెడ్డులో కాగే నూనె మూకుళ్ల ముందు నిలబడేది మీ పనివాళ్లు. రేపు ఒకావిడ కాలు జారి ఆ మూకుడు మీద పడితే? ‘ఆసుపత్రి ఖర్చులు మేమే చూసుకుంటాం, మా ఇంటి మనిషే’ అని మీరంటారు, అది మీ మంచితనం. కానీ చట్టం మంచితనం మీద నడవదు. పనిలో ప్రమాదం జరిగితే పరిహారం యజమాని ఇవ్వాల్సిందేనని 1923 నుంచీ చట్టం ఉంది. 2025 నవంబరు 21 నుంచి అది సామాజిక భద్రతా కోడ్‌లో భాగమైంది. యజమాని తప్పు ఉందా లేదా అన్నది ఇక్కడ ప్రశ్నే కాదు. ప్రాణం పోతే లెక్క ఎలా ఉంటుందంటే, నెల జీతంలో సగాన్ని వయసును బట్టి పట్టికలో ఇచ్చిన గుణకంతో హెచ్చవేస్తారు. 30 ఏళ్ల మనిషికి ఆ గుణకం 207.98. జీతం 12,000 అయితే సగం 6,000. హెచ్చవేస్తే 12,47,880 రూపాయలు. మీ సీసీ లోన్ కంటే ఎక్కువ! పైగా వైద్యం ఖర్చు వేరే.

పది మంది పనివాళ్లుంటే ఈఎస్ఐ వర్తిస్తుంది. నెలకు 21,000 లోపు జీతం ఉన్నవాళ్లకు యజమాని 3.25 శాతం, పనివాళ్లు 0.75 శాతం కడితే వైద్యం, ప్రమాద పరిహారం అన్నీ ఈఎస్ఐ వాళ్లే చూసుకుంటారు. మీ దగ్గర తొమ్మిది మందే ఉన్నారు. తొమ్మిది దగ్గర ఆపుకోవడం కొందరు తెలివి అనుకుంటారు. ఈఎస్ఐ లేదంటే ఆ 12 లక్షల భారం నేరుగా మీ నెత్తిన ఉన్నట్టే కదా! కాబట్టి మీరు ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ పాలసీ తీసుకోవాలి. ఏజెంట్లు ఇప్పటికీ దాన్ని వర్క్‌మెన్ పాలసీ అనే అంటారు. ఎంతమంది, ఏ పని, ఎంత జీతం అన్నది ఉన్నది ఉన్నట్టు రాయించండి. తొమ్మిది మందికి బదులు అయిదుగురిని చూపిస్తే ప్రీమియం తగ్గుతుంది, కానీ ప్రమాదం జరిగేది ఆ అయిదుగురిలో ఒకరికే అన్న హామీ ఎవరూ ఇవ్వరు. పండగ ముందు రోజు కూలికి వచ్చే వాళ్లను కూడా చెప్పండి. మామూలుగా ఈ పాలసీ వైద్యం ఖర్చు ఇవ్వదు, దానికోసం ఎక్స్‌టెన్షన్ అడిగి మరీ పెట్టించుకోవాలి. నూనె కాలిన గాయాలకు ఆసుపత్రి బిల్లు ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు.

దీంతో పాటు మీ పనివాళ్ల బ్యాంకు ఖాతాల్లో ప్రధానమంత్రి సురక్షా బీమా ఉందో లేదో కనుక్కోండి. ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో పోతే 2 లక్షలు, 18 నుంచి 70 ఏళ్ల వరకు. జీవన్ జ్యోతి అయితే ఏడాదికి 436 రూపాయలు, ఏ కారణంతో పోయినా 2 లక్షలు, 50 ఏళ్ల లోపు చేరాలి. తొమ్మిది మందికీ మీరే కట్టినా పెద్ద ఖర్చు కాదు, చేస్తే పుణ్యం. కాకపోతే అది వాళ్ల కుటుంబానికి అదనంగా వచ్చే డబ్బు. మీరు ఇవ్వాల్సిన పరిహారంలో అందులోంచి ఒక్క రూపాయి కూడా తగ్గదు.

ఇక బావగారి ప్యాకేజీ. షాప్‌కీపర్స్ పాలసీ అంటే ఫైర్, దొంగతనం, నగదు, అద్దాలు, బోర్డు, ఎలక్ట్రానిక్ సామాను, పబ్లిక్ లయబిలిటీ (బయటివాళ్లకు జరిగే హాని) లాంటి చిన్న చిన్న పాలసీలన్నీ కలిపిన కూరగాయల సంచీ. అందులో ఏవి కావాలో ఎంచుకోవచ్చు. బావగారు చెప్పింది చెడ్డ సలహా ఏమీ కాదు, మీ కొట్టుకు సరిపోతుంది. కానీ అది కొట్టుకు మాత్రమే, షెడ్డుకూ గోడౌన్‌కూ కాదు. బ్యాంకు పాలసీ ఉండగానే ఇది కూడా తీసుకుంటే కొట్లోని సరుకు మీద రెండు పాలసీలవుతాయి. నష్టం జరిగితే రెండు కంపెనీలూ వాటాలు వేసుకుంటాయే తప్ప రెండుసార్లు డబ్బు రాదు. అందుకని అగ్నిప్రమాద భాగమంతా మూడు అడ్రసులకూ కలిపి ఒకే పాలసీగా పెట్టుకోండి. బ్యాంకు పేరు అందులో రాయించి, ‘మేమే కట్టుకున్నాం, మీరు వేరే కట్టొద్దు’ అని పాత పాలసీ ముగియక ముందే మేనేజరు గారికి కాపీ ఇచ్చి రసీదు తీసుకోండి. లేకపోతే అలవాటుగా మళ్లీ కోసేస్తారు. మిగిలిన భాగాల్లోంచి దొంగతనం, నగదు తీసుకోండి. అద్దాలు, బోర్డు వద్దు.

దొంగతనం పాలసీలో ఒక మెలిక ఉంది. షట్టర్ వంచో, తాళం పగలగొట్టో, రేకు కోసో, బలప్రయోగంతో లోపలికి వస్తేనే అది బర్గ్లరీ. జనం రద్దీలో ఎవరో రెండు నెయ్యి డబ్బాలు సంచిలో వేసుకుపోతే రాదు. మారుతాళంతో తీసి సరుకు తరలించినా పేచీ తప్పదు. 2004లో హర్‌చంద్ రాయ్ చందన్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది: పాలసీలో బలప్రయోగం అని రాసి ఉంటే అది జరిగినట్టు రుజువు ఉండాల్సిందే. మీ గల్లాపెట్టె దగ్గర కూర్చునే కుర్రాడు చేతివాటం చూపిస్తే దానికి ఫిడెలిటీ గ్యారంటీ అని ఇంకోటి. మీ స్థాయికి అది అక్కర్లేదు, రోజూ సాయంత్రం లెక్క సరిచూసుకోవడం చాలు. నగదు పాలసీలో మాత్రం కొట్టు నుంచి బ్యాంకుకు తీసుకెళ్లే దారిలో జరిగే దోపిడీ కూడా ఉందో లేదో చూసుకోండి. యూపీఐ మోసాలు వీటిలో దేనిలోనూ రావు.

హైదరాబాద్ పంపే సరుకుకు ట్రాన్సిట్ పాలసీ ఉంటుంది. లారీలో వెళ్లినా దాన్ని ‘మెరైన్’ అనే పిలుస్తారు, కంగారు పడకండి. ట్రాన్స్‌పోర్టు ఆఫీసు ఇచ్చే రసీదు వెనక ‘ఓనర్స్ రిస్క్’ అని చిన్న అక్షరాల్లో ఉంటే సరుకు తడిసినా విరిగినా వాళ్లు చేతులు దులుపుకుంటారు. ఒక్కో లోడు విలువ లక్ష లోపయితే మీరే భరించగలరేమో చూసుకోండి. అంతకు మించి పంపుతుంటే ఏడాదిలో పంపే లోడులన్నిటికీ కలిపి ఒక ఓపెన్ పాలసీ నయం. మీ సొంత బండి ఉంటే దాని ఇన్సూరెన్స్ సరుకు రవాణాకు తీసుకున్నదై ఉండాలి, కుటుంబం తిరిగే కారు పాలసీ మీద జంతికల బస్తాలు వేసి పంపకండి.

తిండి వ్యాపారంలో ఇంకో భయం ఉంది, మీ సరుకు తిని ఎవరికైనా ఒళ్లు బాగా లేకపోవడం. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉత్పత్తి బాధ్యత అని ఒక అధ్యాయమే పెట్టారు, తయారీదారు మీద నేరుగా పరిహారం కోరవచ్చు. దానికి ప్రొడక్ట్ లయబిలిటీ పాలసీ. పెళ్లిళ్లకు పెద్ద ఆర్డర్లు తీసుకుంటుంటే దీన్ని గట్టిగా పరిశీలించండి. అమెరికా పార్సిళ్ల గురించి మాత్రం భ్రమలు పెట్టుకోవద్దు. మామూలుగా ఈ పాలసీలు మన దేశంలో జరిగిన దానికే వర్తిస్తాయి. విదేశాలు కలిపినా అమెరికా, కెనడాలను తీసేసి రాయడం పరిపాటి. అక్కడికి కలిపి కావాలంటే ఆ మాట పాలసీ మీద స్పష్టంగా ఉండాలి, ప్రీమియం కూడా వేరేగా ఉంటుంది. పార్సిళ్లు చుట్టాలకు, తెలిసినవాళ్లకేనా, వ్యాపారంగా పెరుగుతున్నాయా అన్నదాన్ని బట్టి నిర్ణయించుకోండి.

డబ్బు అన్నిటికీ సరిపోకపోతే ఈ వరసలో వెళ్లండి: ముందు మూడు అడ్రసుల ఫైర్ పాలసీ, దాని వెంటే పనివాళ్లది. ఈ రెండూ ఈ నెలలోనే. దొంగతనం, నగదు దసరా లోపు. మిగిలినవి వచ్చే ఏడాది చూడవచ్చు. ప్రభుత్వ రంగంలో నాలుగు కంపెనీలున్నాయి, న్యూ ఇండియా, యునైటెడ్ ఇండియా, ఓరియంటల్, నేషనల్. ప్రైవేటువి చాలా ఉన్నాయి. రెండు మూడు చోట్ల కొటేషన్ తీసుకోండి. బావగారి ద్వారానే తీసుకున్నా తప్పులేదు, ఆయన దగ్గరలో ఉంటారు కాబట్టి క్లెయిమ్ రోజున పరుగెత్తుకొస్తారు. ప్రపోజల్ ఫారం మాత్రం ఖాళీగా సంతకం పెట్టి ఇవ్వకండి. గోడలు ఇటుకవా రేకులా, వంట అక్కడే జరుగుతుందా, కాలవ ఎంత దూరం, ఇవన్నీ మీరే చదివి నింపాలి. ఈ ప్రీమియంల మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. మీకు మామూలు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే ఇన్‌పుట్ క్రెడిట్ (ఇక్కడ కట్టిన పన్నును మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకోవడం) గురించి మీ ఆడిటర్‌ను అడగండి.

ఎప్పుడైనా కర్మకాలి ప్రమాదం జరిగితే, ముందు మనుషులు, తర్వాత ఫోన్. కంపెనీకి వెంటనే చెప్పి, మెయిల్ కూడా పెట్టండి. నిప్పు అయితే ఫైర్ స్టేషన్ రిపోర్టు, దొంగతనమైతే ఎఫ్ఐఆర్, వరద అయితే నీళ్లు తగ్గకముందే గోడ మీద నీటి గీత కనిపించేలా ఫొటోలు, వీడియోలు తీసుకోండి. వాసన వస్తోందని తడిసిన బస్తాలను సర్వేయర్ రాకముందే బయట పారేయకండి. సింగ్‌నగర్‌లో ఎంతోమంది చేసింది అదే, పాపం వాళ్లూ ఏం చేస్తారు, బురదలో కుళ్లిన పప్పులు పెట్టుకుని కూర్చోలేరు కదా. అలాంటి పరిస్థితిలో బస్తాలు లెక్కపెట్టి, ఫొటో తీసి, మున్సిపల్ సిబ్బందికి అప్పగించినట్టు ఒక చీటీ అయినా రాయించుకోవాలి.

మీ అక్కగారికి ఇంకా దారి ఉందా అంటే, కంపెనీ ఆఖరి ఉత్తరం మీద తేదీ ఏముందో చూడమనండి. సగం ఎందుకు కోశారో సర్వేయర్ రిపోర్టు కాపీ అడిగి తీసుకోవాలి. నేను ఊహించినట్టు యావరేజ్ లెక్కే అయితే పోరాడి లాభం తక్కువ. కానీ సరుకు విలువను 12 లక్షలని ఎక్కువగా లెక్కగట్టి ఉంటే అక్కడ వాదించవచ్చు, ఎందుకంటే ఆ అంకె తగ్గితే కోత కూడా తగ్గుతుంది. అసలు విలువ 9 లక్షలే అని బిల్లులతో చూపించగలిగితే 8 లక్షల నష్టానికి 5 లక్షల 33 వేల దాకా రావాలి. ఉత్తరం వచ్చి ఏడాది దాటకపోతే పాలసీ ఫిర్యాదులు తేల్చే, హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ వాళ్ల పరిధిలోకే వస్తాయి, సొంత పేరుతో నడిపే చిన్న వ్యాపారాలవీ తీసుకుంటారు, 50 లక్షల దాకా తీర్పు ఇవ్వగలరు, ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. ఏడాది దాటి రెండేళ్ల లోపయితే విజయవాడలో వినియోగదారుల కమిషన్ ఉంది. వ్యాపారం కోసం తీసుకున్న పాలసీ కనుక మీరు వినియోగదారులే కారని కంపెనీ వాదిస్తే, ఆ వాదన చెల్లదని 2023లో హర్సోలియా మోటార్స్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసిందని చెప్పండి. ‘ఫుల్ అండ్ ఫైనల్’, అంటే ఇంక రావాల్సిందేమీ లేదు, అన్న కాగితం మీద మీ అక్కావాళ్లు సంతకం పెట్టే ఉంటారు. అది కొంత అడ్డే. ఒత్తిడి చేసి పెట్టించుకున్నారని చూపించగలిగితేనే వాళ్ల ఫిర్యాదు నిలబడుతుంది. ముందు ఆ ఉత్తరం, సర్వేయర్ రిపోర్టు వెతికి పట్టుకోమనండి. ఫిర్యాదు ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే ఐఆర్‌డీఏఐ వారి 155255కు ఫోన్ చేస్తే చెబుతారు.